నడిచేవాడి వీధిని కాజేసినదెవరు?

మన నగరాలలో వీధికి వాటాదారులు చాలామంది. కారు నిలుపుకొనేవాడికి వాటా ఉంది. దుకాణం ముందు మెట్లు కట్టుకొన్నవాడికి వాటా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకు, హోర్డింగు స్తంభానికి, ఇల్లు కట్టేవాడు తెచ్చి పోసిన ఇసుక కుప్పకు సైతం వాటా ఉంది. ఆ వీధిలోనే పుట్టి పెరిగి, పన్ను కట్టి, ఓటు వేసి, దాని మీదుగా కాలినడకన పోవలసినవాడికి మాత్రం జానెడు చోటు లేదు. అతడు ఫుట్‌పాత్ దిగి వాహనాల నడుమ నడవాలి. దెబ్బ తగిలితే, చూసుకొని నడవలేదన్న నింద కూడా అతడే మోయాలి.

ఈ నింద ఎంత అన్యాయమైనదో చెప్పడానికి కేంద్ర ప్రభుత్వపు లెక్క ఒక్కటి చాలు. 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,72,890 మంది మరణించారు. వారిలో 35,221 మంది పాదచారులు. అంటే రోజుకు సగటున 96 మంది, ప్రతి పావుగంటకూ ఒకరు. చనిపోయిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఏ వాహనమూ ఎక్కనివారు, ఎవరికీ హాని చేయగల వేగం లేనివారు. ఒక కర్మాగారంలో ఇన్ని ప్రాణాలు పోతే యజమానిని అరెస్టు చేయమని వీధికెక్కుతాం. వీధే ప్రాణం తీస్తే మాత్రం తఖ్దీర్ అని సరిపెట్టుకొంటున్నాం. రాసిపెట్టినది జరుగుతుందన్న విశ్వాసం మనకు ఓదార్పు. ఇంజనీరుకూ కాంట్రాక్టరుకూ అది మాఫీ పత్రం కారాదు.

నడిచేది ఎవరు?

రోడ్డు భద్రత మైనారిటీ హక్కుల పత్రికలో చర్చించవలసిన విషయమా అని కొందరు మిత్రులు అడగవచ్చు. రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, స్కాలర్‌షిప్‌ల వంటి పెద్ద సమస్యలుండగా ఫుట్‌పాత్ గొడవేమిటని వారి సందేహం. వారికి నా జవాబు ఒక్కటే. ఉదయం ఏడు గంటలకు ఏ బస్తీ మలుపులోనైనా నిలబడి చూడండి. పుస్తకాల సంచి మోస్తూ బడికి పోయే పిల్లలు, ఖురాన్ పాఠానికి మక్తబ్‌కు పోయే చిన్నారులు, ఇళ్ళలో పనికి పోయే తల్లులు, క్యారియర్ తగిలించుకొని సైకిల్ మీద పోయే మేస్త్రీ, ఫజ్ర్ నమాజు ముగించుకొని చేతికర్రతో ఇల్లు చేరే వృద్ధుడు కనిపిస్తారు. కారు గలవాడికి ఫుట్‌పాత్ లేకపోవడం చిన్న అసౌకర్యం. లేనివాడికి అది ప్రాణసంకటం.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక రెండు సంగతులు తేటతెల్లం చేసింది. ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో రోడ్లు, మురుగు కాలువలు, రవాణా వంటి సదుపాయాలు కొరవడ్డాయన్నది మొదటిది. పనిచేసే ముస్లిం పురుషులలో 12 శాతానికి పైగా వీధివ్యాపారం మీద బ్రతుకుతున్నారని, దేశ సగటు ఎనిమిది శాతం కూడా లేదని చెప్పినది రెండవది. అంటే వీధి మనకు నడిచే దారీ, బ్రతుకుదెరువూ. వీధి చెడితే రెండు విధాలా చెడేది మనమే. అటువంటప్పుడు వీధి గురించి మాట్లాడడం హక్కుల గురించి మాట్లాడడం కాక మరేమిటి?

నూరేళ్ళ క్రిందట తెలిసిన సంగతి

పాత నగరపు వీధులు ఇరుకైనవి, అక్కడ ఫుట్‌పాత్‌లు సాధ్యం కావని అధికారులు చెప్పే మాట ఒకటుంది. ఆ మాట చెప్పేవారు ఒకసారి చార్మినార్ నుండి మదీనా వైపు నడచి పత్తర్‌గట్టి చూడాలి. 1908 మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు కట్టించిన పత్తర్‌గట్టిలో దుకాణాల వరుస ముందు రాతి కమానుల క్రింద నడిచేవారికోసం నీడగల దారి విడిచిపెట్టారు. ఎండ తగలకుండా, వాన తడవకుండా, బండ్ల నడుమ చిక్కుకోకుండా మనిషి ఆ చివరి నుండి ఈ చివరికి పోవాలన్నది కట్టినవారి ఆలోచన. మోటారు వాహనాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని ఉన్న రోజులలో, రాచరికపు పాలనలో, నడిచేవాడికి దక్కిన గౌరవం ఇది.

ఇప్పుడు ప్రజాస్వామ్యంలో ఏం జరుగుతున్నదో చూడండి. చార్మినార్ చుట్టూ వాహనాలు లేని ప్రాంగణం ఏర్పాటు చేసే పథకం రెండు దశాబ్దాలకు పైగా నత్తనడక నడిచింది. రాళ్ళు పరచిన మేరకు మేలు జరిగింది, కాదనను. కానీ ఆ రాతి ప్రాంగణం దాటి నాలుగడుగులు వేస్తే మళ్ళీ పాత కథే. పర్యాటకుడి ఫొటోలో పడే నేలకు గ్రానైటు, అక్కడ నివసించేవాడు నడిచే సందుకు గుంతలు.

2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు వెంట, నానక్‌రామ్‌గూడ, నార్సింగి ప్రాంతాలలో సుమారు 23 కిలోమీటర్ల సైకిల్ దారిని ప్రారంభించారు. పైన సౌర ఫలకల కప్పు, రాత్రి దీపాలు. మంచిదే. అయితే సెలవు రోజున ఆరోగ్యం కోసం తొక్కే సైకిల్‌కు కప్పు వేసిన ప్రభుత్వాలు, పొట్టకూటికోసం రోజూ తొక్కే సైకిల్‌కు తెల్లగీత కూడా గీయలేదేమి? పాలు పోసేవాడు, కత్తులకు సాన పట్టేవాడు, పాత సామాను కొనేవాడు, కార్ఖానా కూలీ సైక్లిస్టులు కారా? లేక ఖరీదైన సైకిలూ హెల్మెట్టూ ఉంటేనే ఆ పేరు దక్కుతుందా?

ఫ్లైఓవర్ల సంగతీ అంతే. ఆరాంఘర్ నుండి జూపార్కు వరకు నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 జనవరిలో ప్రారంభమైంది. వాహనదారుడికి పావుగంట కలిసివచ్చింది, సంతోషం. ఇటువంటి ప్రతి వంతెన క్రిందా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. క్రింద రోడ్డు దాటవలసిన మనిషికోసం ఈ అంచనాలో ఎంత కేటాయించారు? ఎన్ని చోట్ల సిగ్నలు, ఎన్ని చోట్ల డివైడర్‌లో సందు, ఎన్ని దీపాలు? ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కట్టాం కదా అంటే చాలదు. బస్సులూ లారీలూ పోవడానికి వదిలిన ఎత్తంతా, అంటే దాదాపు రెండంతస్తుల మేడంత, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ ఎక్కి దిగాలి. లిఫ్టు పాడైన రోజున చక్రాల కుర్చీ మనిషికి ఆ వంతెన గోడతో సమానం. వాహనం నేల మీద సాఫీగా పోవడానికి మనిషిని మేడ ఎక్కించడమే మన ప్రణాళికల నీతిగా మారింది.

చట్టం ఉంది, బాట లేదు

నడిచే హక్కు దయాధర్మం కాదు. కోయంబత్తూరు వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన వ్యాజ్యంలో, 2025 మే 14న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. ఆక్రమణలు లేని, వాడుకోదగిన ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమే. దివ్యాంగులకు కూడా అనువుగా ఫుట్‌పాత్‌లు ఉండేటట్లు రాష్ట్రాలు మార్గదర్శకాలు తేవాలని ఆదేశించింది. అదే సంవత్సరం అక్టోబరులో మరొక ధర్మాసనం, పాదచారులకూ మోటారు లేని వాహనాలకూ సంబంధించిన నియమాలను ఆరు నెలల్లో రూపొందించమని రాష్ట్రాలకు గడువు విధించింది. జస్టిస్ భుయాన్ అంతకుముందు మన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారే.

కొలతలు కూడా కొత్తగా కనిపెట్టనక్కరలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాలు ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని నడక దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలంటాయి. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా తప్పుకొనేంత అన్నమాట. రోడ్డు నుండి ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే అరడుగు, మించరాదు. మన వీధులలో కొన్ని చోట్ల అది మోకాలెత్తు ఉంటుంది. అంత ఎత్తు ఎక్కలేక గర్భిణి రోడ్డు మీద నడుస్తుంది. ఫుట్‌పాత్ ఉన్నా వాడరని అధికారి నివేదిక రాస్తాడు.

2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, నిర్దేశిత ప్రమాణాలు పాటించక రోడ్డు కట్టి, దాని వల్ల ఎవరైనా మరణించినా, అంగవికలురైనా, బాధ్యులైన అధికారికీ కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. మనిషి ప్రాణానికి లక్ష రూపాయలా అన్న ప్రశ్న అలా ఉంచండి. ఆ లక్ష అయినా కట్టించమని మనలో ఎంతమంది అడిగారు? బైకువాడిని పట్టుకొని కొడతాం, లారీ అద్దాలు పగలగొడతాం. ఆ మలుపులో దీపం పెట్టనివాడి పేరు మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో రాయించము.

తోపుడు బండి మీద మోపిన నేరం

న్యాయస్థానం ఫుట్‌పాత్ ఖాళీ చేయించమంటే మన అధికారులకు మొట్టమొదట కనిపించేది తోపుడు బండి. పండ్ల బుట్టలు లారీలోకి విసిరేసి, తరాజు లాక్కుపోయి, మరునాడు పత్రికలలో ఫొటో వేయించుకొంటారు. అదే ఫుట్‌పాత్ మీద వరుసగా నిలిపిన కార్ల జోలికి పోరు. ఒక కారు పట్టే చోటు సుమారు పది చదరపు మీటర్లు. ఆ చోటులో మూడు నాలుగు బండ్లు నిలిచి, మూడు నాలుగు కుటుంబాలు అన్నం తింటాయి. కారును పార్కింగు అంటారు, బండిని ఆక్రమణ అంటారు. ఏ నిఘంటువులోని అర్థాలు ఇవి?

వీధివ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే చేసి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని అది శాసించింది. తొలగించవలసి వస్తే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం సభ్యులు వ్యాపారులు తామే ఎన్నుకొన్నవారై ఉండాలి, వారిలో మూడవ వంతు స్త్రీలుండాలి. మీ పట్టణంలో ఆ కమిటీ ఎప్పుడు సమావేశమైందో, అందులో మన పండ్ల వ్యాపారి, గాజుల వ్యాపారి ఎవరైనా ఉన్నారో విచారించండి.

నడిచేవాడికీ బండివాడికీ నిజానికి వైరం లేదు. బండివాడికి కొనుగోలుదారుడు నడిచేవాడే. వీధిదీపం లేని చోట రాత్రి పది గంటలకు వెలుగుతున్న చాయ్ బండి ఆడపిల్లకు ధైర్యం. 1.8 మీటర్ల దారి ముందు వదిలి, దాని పక్కన బండ్లకు గీత గీసి ఇస్తే ఇద్దరూ బ్రతుకుతారు. ఆ గీత గీయడం చేతకానివారు, లేదా గీత లేకపోతేనే మామూళ్ళు దండుకోగలిగినవారు, పేదవాడి మీదికి పేదవాడిని ఉసిగొల్పుతున్నారు. ఈ ఉచ్చులో మనం పడరాదు.

మన ఇంటి ముందు మాట

ప్రభుత్వాన్ని ఇంత నిలదీసిన తరువాత మన వైపు చూడకపోతే అది న్యాయం కాదు. దారి మీది నుండి హాని కలిగించే వస్తువును తొలగించడం సదఖా అని, విశ్వాసపు శాఖలలో అదొకటని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. వీధిలో కూర్చొనక తప్పనివారు వీధి హక్కు చెల్లించాలని, ఎవరికీ హాని చేయకపోవడం ఆ హక్కులో భాగమని కూడా ఉపదేశించారు. వీధికి హక్కు ఉందని పద్నాలుగు వందల యేళ్ళ క్రిందట విన్న సముదాయం మనది. మరి జుమా రోజున మస్జిద్ చుట్టూ బైకులు ఎక్కడ నిలుపుతున్నాం? నమాజుకు ఆలస్యమైందని వీధికి అడ్డంగా బండి పడేసి లోపలికి పరుగెత్తేవాడు, ఆ దారిన పోవలసిన అంబులెన్సుకు ఏం జవాబు చెబుతాడు? షాదీఖానాలకు పార్కింగు లేక పెళ్ళివారి కార్లు ఫుట్‌పాత్ ఎక్కితే, అద్దె తీసుకొన్న యజమాని మన బిరాదరీవాడే కదా అని ఊరుకొంటున్నాం.

దుకాణదారులకు ఒక మాట. షట్టరు దాటి నాలుగడుగులు మెట్లు, ఆ మెట్ల మీద సామాను, ఆ సామాను ముందు మీ స్కూటరు. కార్పొరేషన్ వచ్చి మెట్లు కొట్టబోతే, మా మీద వివక్ష అంటారు. వివక్ష నిజం. ఒక బస్తీలో కొట్టి మరో బస్తీలో వదిలేస్తే, నోటీసు లేకుండా యంత్రాన్ని తెస్తే, దానిని ప్రతిఘటించడంలో ఈ పత్రిక పాఠకులు అందరికంటె ముందుండాలి. కానీ వివక్ష అన్న మాట ఎంతో బాధతో సంపాదించుకొన్న మాట. దానిని మెట్లకు కాపలా పెట్టకండి. మీ మెట్లను తప్పించుకోబోయి రోడ్డు మీదికి దిగి బస్సు క్రింద పడే పిల్లవాడు కూడా మైనారిటీయే. అతడి తల్లి ఎవరి మీద వివక్ష కేసు వేయాలి? ఓట్లకోసం మెట్లను కాపాడే నాయకుడు జనాజాకు వచ్చి భుజం పట్టగలడు, బిడ్డను తేలేడు.

ఇక తల్లిదండ్రులకు. పద్నాలుగేళ్ళ బిడ్డ బైకు నడుపుతుంటే మురిసిపోయే తండ్రులను చూస్తున్నాం. రంజాను రాత్రులలో, షబే బరాత్ నాడు ఖాళీ రోడ్ల మీద వారు చేసే విన్యాసాలు అందరికీ తెలిసినవే. చట్టంలోని 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు నేరానికి తండ్రి లేదా వాహన యజమాని దోషి. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు వాహన రిజిస్ట్రేషను రద్దు, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్ళ వరకు లైసెన్సు రాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, బ్రేకు మీద కాలు పడడానికి ముందే, ఒక్క క్షణంలో దాదాపు పద్నాలుగు మీటర్లు దూసుకుపోతుంది. 50 నుండి 65కు వేగం పెరిగితే కారు గుద్దిన పాదచారి మరణించే ప్రమాదం నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. జనం మసలే వీధులలో 30 కిలోమీటర్లు మించరాదని 2020 స్టాక్‌హోం ప్రకటన కోరినది అందుకే. బడులు, మస్జిద్‌లు, మందిరాలు, ఆస్పత్రులున్న ప్రతి వీధికీ ఈ పరిమితి మనం కోరవలసినదే.

చేయవలసిన పని

నినాదాలు ఫుట్‌పాత్ కట్టవు. ముప్పై యేళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ మధ్య గడిపినవాడిగా చెబుతున్నాను, కార్యాలయం వినతిపత్రానికి జడవదు, కాగితం మీద తేదీ వేసి అడిగిన ప్రశ్నకు జడుస్తుంది. "మా వీధి బాగుచేయండి" అని రాస్తే ఆ కాగితం దండలో గుచ్చబడుతుంది. "ఫలానా వీధిలో ఫలానా పనికి అంచనా ఎంత, అందులో ఫుట్‌పాత్ పద్దు ఎంత, కొలతల పుస్తకంలో ఎంత నమోదైంది, నిర్వహణ గడువు ఎప్పటివరకు" అని సమాచార హక్కు చట్టం క్రింద అడిగితే ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. పది రూపాయల ఫీజు. తెల్లరేషను కార్డు గలవారికి అదీ లేదు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు.

ప్రతి మస్జిద్ కమిటీ, మహిళా సంఘం, బస్తీ సంక్షేమ సంఘం ఒక ఆదివారం టేపు పట్టుకొని తమ వీధి కొలవాలి. ఫుట్‌పాత్ వెడల్పు, ఎత్తు, మూత లేని మ్యాన్‌హోళ్ళు, వెలగని దీపాలు, బడి ముందు జీబ్రా గీతలు ఉన్నదీ లేనిదీ రాసి, ఫొటోలతో కమిషనరుకు పంపాలి. ఆ జట్టులో ఒక వృద్ధుడు, ఒక దివ్యాంగుడు, పిల్లను చంకనెత్తుకొన్న తల్లి తప్పక ఉండాలి. రోడ్డు దాటే సిగ్నలు ఎన్ని సెకండ్లు ఉండాలో వారి నడకను బట్టి లెక్క కట్టాలి. ముప్పై మీటర్ల రోడ్డు యువకుడు పాతిక సెకండ్లలో దాటుతాడు, ముసలివారికి నలభై పట్టవచ్చు. ఈ పనిలో హిందూ సోదరులనూ క్రైస్తవ సోదరులనూ కలుపుకొనండి. గుంత ఎవరి మతమూ అడగదు.

పాతబస్తీలో మెట్రో పేరిట మహాత్మా గాంధీ బస్ స్టేషను నుండి చాంద్రాయణగుట్ట దాకా రోడ్డు విస్తరిస్తున్నారు. ఇళ్ళూ దుకాణాలూ ఇచ్చినవారు మనవారే. వెడల్పయిన ఆ రోడ్డులో నడిచేవాడికి ఎన్ని అడుగులు రాసిపెట్టారో ఇప్పుడే నక్షా తెప్పించి చూడాలి. స్తంభాలు లేచిన తరువాత అడిగితే, ఇక చోటు లేదంటారు. కర్నూలు, గుంటూరు, విజయవాడ వన్‌టౌన్ పాఠకులు కూడా తమ ఊరి విస్తరణ పనులకు ఇదే ప్రశ్న వేయండి.

ప్రమాదం జరిగితే ఏం చేయాలో కూడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. గాయపడినవాడిని ఆస్పత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించరాదని చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తున్నది. 2025 మేలో అమలులోకి వచ్చిన పథకం ప్రకారం పథకంలో చేరిన ఆస్పత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు డబ్బు కట్టకుండా వైద్యం పొందవచ్చు. గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోయినా, మృతుడి కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి యాభై వేలు వస్తాయి. నష్టపరిహారపు దావాకు చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. చహల్లుమ్ గడిచాక చూద్దామని కూర్చొంటే బీమా కంపెనీకి మేలు చేసినవారమవుతాం.

ఎన్నికలు వస్తాయి, అభ్యర్థులు మన గల్లీలకు వస్తారు. కారు దిగి, సలాం చెప్పి, చేయి కలుపుతారు. వారిని షామియానా దాకా కారులో పోనివ్వకండి. బడి గంట వేళకు రమ్మని, గల్లీ మొదటి నుండి చివరిదాకా పిల్లలతో పాటు నడిపించండి. ఎక్కడ ఫుట్‌పాత్ తెగిపోయిందో అక్కడ నిలబెట్టి, ఎప్పటిలోగా కట్టిస్తారో తేదీ అడగండి. తేదీ చెప్పినవాడి మాట రాసి ఉంచుకొని గడువు నాటికి మళ్ళీ అడగండి. చెప్పలేనివాడికి ఓటు ఎందుకు వేయాలో మీరే ఆలోచించుకొనండి.